ఒక టోకెను, ఇద్దరు మనుషులు

మా వీధిలో అమ్మాయి ఒకతె ఈ మధ్యే ఏర్పేడు దోవలో ఒక సెల్‌ఫోన్ల కంపెనీలో హెచ్‌.ఆర్‌. విభాగంలో చేరింది. "ఆంటీ, మీరు చేసింది కూడా ఇదే గదా, నాకేమన్నా చెప్పండి" అని అడిగింది. పొద్దున అలిపిరి వైపు నడకకు వెళ్తూ చెబుదామనుకున్నాను. ఆ టైముకు ఆ పిల్ల కంపెనీ బస్సు కోసం పరుగెత్తుతూ ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరి సంతకంతో వచ్చాయి అనేవి రాయను. వాటిని నేనే మర్చిపోయాను. మర్చిపోలేనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను.

ఆడదానివి గూడా గదా

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది మామిడి గుజ్జులో తీపి ఎంత, పులుపు ఎంత అని చూడటానికి. బీఎస్సీ చదివాను, తెల్లకోటు వేసుకుని గాజు గొట్టాల మధ్య దర్జాగా బతకొచ్చు అనుకుని చేరాను. చిత్తూరు పక్కన, మామిడి గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ అది. చేరిన వారానికే పెద్ద మేనేజరు పిలిచాడు.

"కాయ కటింగు కాడ ఇద్దరాడోళ్లు జుట్లు పట్టుకున్నారంట. పోయి సూడుమ్మా."

"నేను కెమిస్టును సార్."

"ఆడదానివి గూడా గదా."

పోయి విడదీసి వచ్చాను. ఆ తర్వాత ఏ ఆడమనిషికి కడుపునొప్పి వచ్చినా, ఎవరి మొగుడు తాగొచ్చి గేటు దగ్గర గొడవ చేసినా, "ల్యాబు మేడమ్‌ను పిలవండి" అనడం అలవాటైపోయింది. కొన్నేళ్లకు ల్యాబు పని నా చేతిలోంచి జారిపోయి ఆ పనే మిగిలింది. నా గది తలుపుకు "సిబ్బంది సంక్షేమం" అని ఒక బోర్డు తగిలించారు. బోర్డు వచ్చింది కాబట్టి నాకు అధికారం కూడా వచ్చిందని చాలా రోజులు భ్రమపడ్డాను.

ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకు ఒక మాట ముందే చెప్పాలి. కంపెనీల్లో ఆడవాళ్ల సంగతి చూడటానికి ఇంకో ఆడమనిషిని పెడతారు. అది మన మీద నమ్మకంతో అనుకోవద్దు. ఆ గొడవ తమ దాకా రాకుండా మధ్యలో ఒక మనిషి ఉంటే వాళ్లకు హాయి. ఈ సంగతి నాకు పదేళ్ల తర్వాత అర్థమైంది. మీకు మొదటి రోజే తెలిస్తే మంచిది.

టోకెను

మామిడి సీజనులో ఫ్యాక్టరీ వేరే లోకం. తోతాపురి కాయతో లారీలు, ట్రాక్టర్లు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా బారులు తీరి ఉంటాయి. మాగిన కాయ ఎవరి కోసమూ ఆగదు. పొద్దున ఆరుకు గంట కొడితే కటింగు మొదలు. పొడుగాటి స్టీలు బల్లల దగ్గర ఆడవాళ్లు వరసగా నిలబడి, కడిగిన కాయ తొడిమ కోసి, చెడిన ముక్క తీసేసి లోపలికి తోస్తారు. సాయంత్రం దాకా నిలబడే ఉంటారు. మామిడి సొన తగిలి వేళ్ల మధ్య చర్మం కాలినట్టు నల్లబడుతుంది. పనైపోయాక శెనక్కాయ నూనె రుద్దుకుంటేగానీ వదలదు. చంటిబిడ్డ తల్లులు చేతులకు నూనె రుద్దుకోకుండా బిడ్డను ముట్టుకోరు. బిడ్డ బుగ్గ పొక్కిపోతుంది.

ఈ ఆడవాళ్లకు ఆ రోజుల్లో లోపల పేర్లుండేవి కావు. నంబరు కొట్టిన అల్యూమినియం బిళ్లకు తాడు కట్టి మెడలో వేసుకునేవాళ్లు. దాన్నే టోకెను అనేవాళ్లం. కూలి టోకెనుకే, మధ్యాహ్నం అన్నం టోకెనుకే. సీజను మొదట్లో మేస్త్రీ ఇచ్చిన టోకెను ఆ సీజనంతా ఆ ఇంటిది. ఆ మనిషిది అనలేదు, ఆ ఇంటిది అన్నాను. అసలు సంగతి అక్కడే ఉంది.

మునెమ్మ ఫ్యాక్టరీ తెరిచిన ఏడు నుంచి కటింగులో ఉంది. మొగుడు పోయాక ఒక్క కొడుకునూ ఆ టోకెనుతోనే పెంచింది. నోరు కాస్త పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. మొదట్లో నేను విడదీసిన ఆ జుట్ల గొడవలో ఒక జుట్టు ఈమెదే. కొడుకు లారీ డ్రైవరు, నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. కోడలు నిరోష కాళహస్తి అవతల ఊరి పిల్ల, ఇంటరు చదివింది. కాపురానికి వచ్చిన ఏడాదే అత్తతో పాటు ఆ టోకెను పంచుకోవడం మొదలుపెట్టింది.

పొద్దున అత్త వచ్చేది. మధ్యాహ్నం అన్నాల వేళకు కోడలు గేటు దగ్గరికి వచ్చేది. అత్త మెడలో టోకెను తీసి కోడలి మెడలో వేసి ఇంటికి పోయేది. నిరోషకు కొడుకు పుట్టాక కూడా అదే పద్ధతి. కాకపోతే టోకెను ఇటు మారితే చంకలో పిల్లాడు అటు మారేవాడు. పొద్దున పిల్లాడు తల్లి దగ్గర, మధ్యాహ్నం నుంచి నాయనమ్మ దగ్గర. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే ఇంకొకరు రోజంతా నిలబడేవాళ్లు. చావులకు, పెళ్లిళ్లకు అలాగే సర్దుకునేవాళ్లు. వీళ్లిద్దరే కాదు, బల్లల దగ్గర సగం మంది ఇలాంటి జతలే. అక్కా చెల్లెళ్లు, తోడికోడళ్లు, తల్లీ కూతుళ్లు. ఏ కంపెనీ పాలసీ రాయకముందే ఈ ఆడవాళ్లు తమ వెసులుబాటు తామే చేసుకున్నారు. దానికి పేరు పెట్టలేదు, అంతే.

పెద్ద మేనేజరు

ఈ సంగతి పెద్ద మేనేజరుకు తెలుసు. ఒకసారి నేనే అడిగాను, ఇలా మనుషులు మారిపోతుంటే ఎలా సార్ అని.

"బల్ల కాడ చేతులు ఆడతా ఉండాయా లేదా?"

"ఆడుతున్నాయి సార్."

"ఎవురి చేతులైతే నాకేందమ్మా? కాయ తెగతా ఉండాది గదా. గమ్మునుండు."

ఆయన్ని మంచివాడు అని చెప్పను. ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టించమని అడిగితే, "అంత పెద్ద మామిడితోట ఉండాది గదా ఎనక" అన్న మనిషి. రెండు సీజన్లు ఆయన వెంటపడి తిరిగితే తల ప్రాణం తోకకు వచ్చింది. చివరికి కట్టించాడు, తలుపులకు గడియలు మాత్రం పెట్టించలేదు. గడియల కోసం ఇంకో సీజను. మగవాళ్ల కూలి కంటే ఆడవాళ్ల కూలి తక్కువెందుకు అంటే, "వాళ్లు మూట ఎత్తుతారు" అనేవాడు. రోజంతా సొనలో చేతులు పెట్టుకుని నిలబడటం ఆయన లెక్కలో పని కాదు, కూర్చోకపోవడం మాత్రమే.

అయినా ఆయన ఉన్నన్నాళ్లూ టోకెను పద్ధతి మీద చెయ్యి వెయ్యలేదు. అది దయ కాదు, నిర్లక్ష్యం. ఆ నిర్లక్ష్యం నీడలో అన్ని ఇళ్లు గడిచాయి. ఇది ఇప్పుడు తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఆయన తర్వాత వచ్చిన మనిషి నిజంగా మంచివాడు.

మూడు మంచి మాటలు

కొత్త జనరల్ మేనేజరు కార్తీక్ చెన్నై నుంచి వచ్చాడు. నాకంటే చాలా చిన్నవాడు, అందరినీ "మీరు" అనేవాడు. కటింగు ఆడవాళ్లను కూడా. మొదటిసారి ఆయన "మీరు కూర్చోండమ్మా" అంటే మునెమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవర్నో అంటున్నాడని.

బయటి దేశపు కొనుగోలుదార్లు అడిగారనో, ఆయనకే అనిపించిందనో, వచ్చిన ఏడాదికే సమానత్వం, వెసులుబాటు, సౌకర్యాలు అని మూడు మాటలతో ఒక పాలసీ తయారు చేయిద్దామన్నాడు. రాసే పని నాకు అప్పగించాడు. నా సంబరం చూడాలి! అన్నేళ్లుగా గడియల కోసం తిరిగిన దాన్ని, ఒక్క దెబ్బకు అన్నీ ఇస్తామంటున్నారు. కటింగులో ప్రతి మనిషికి పేరుతో ఫోటో కార్డు. పీఎఫ్, ఈఎస్ఐ. చేతులకు గ్లోవ్సు. మగవాళ్లతో సమానంగా కూలి. పురిటి సెలవు. చంటిపిల్లలకు ఒక గది, అందులో ఉయ్యాల, ఒక ఆయా. ఒకరి బదులు ఒకరు రాకుండా గేటు దగ్గర మొహం చూసి తెరుచుకునే మిషను.

అది కూడా సౌకర్యమే అని రాశాను. ఎవరి కూలి వాళ్ల ఖాతాలోకి పోతుంది, మేస్త్రీ మధ్యలో తినడు. నిజమే. ఇప్పటికీ అది తప్పని అనను.

అందరినీ క్యాంటీనులో కూర్చోబెట్టి చదివి వినిపించాను. "సందేహాలుంటే అడగండి" అన్నాను. ఎవరూ నోరెత్తలేదు. కార్తీక్ సారు నా వైపు చూసి తల ఊపాడు. అందరికీ సమ్మతమే అనుకుని ఇద్దరం టీ తాగాం. ఆ రోజు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. బల్ల దగ్గర కత్తి చేతిలో ఉంటే ఊరి సంగతులన్నీ మాట్లాడే ఆడవాళ్లు, జీఎం ముందు కుర్చీ అంచున కూర్చుని సందేహాలు అడుగుతారా? మీరు మాత్రం మీటింగు పెట్టి అడగొద్దు. బల్ల దగ్గరికి పోండి, బస్సులో పక్కన కూర్చోండి. అక్కడ చెబుతారు. నేను పోలేదు. అన్నీ నాకు తెలుసు అనుకున్నాను.

ఇద్దరి మొగాలూ ఒకే కార్డులో

కార్డులు తీసే రోజు మునెమ్మ, నిరోష ఇద్దరూ ఆధార్ కార్డులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. పిల్లాడు నిరోష భుజం మీద నిద్రపోతున్నాడు. ఇంకా బోర్లా పడటం కూడా సరిగ్గా రాని పసివాడు.

"అమ్మా, మా ఇద్దరి మొగాలూ ఒకే కార్డులో ఎక్కించుమ్మా" అంది మునెమ్మ.

నేను నవ్వాను. కంప్యూటరు దగ్గర ఉన్న మనిషి కూడా నవ్వాడు.

"అట్ల కుదరదు మునెమ్మా. ఒక కార్డుకు ఒకే మనిషి. మీరిద్దరూ వేరేవేరేగా చేరండి. ఇద్దరికీ కూలి, ఇద్దరికీ పీఎఫ్."

"ఇద్దరం లోపలికొస్తే పిల్లోడు?"

"పిల్లల గది కట్టించినాం గదా."

"నడిసే పిల్లోళ్లనే తీసుకుంటారంటనే ఆడ. అదీ తొమ్మిదింటికి తెరుస్తారంట. మాకు ఆరుకే గదమ్మా గంట."

నాకు ఆ సంగతి తెలియదు. ఆయాను ఆఫీసు వాళ్ల షిఫ్టులో వేశారు, కాబట్టి ఆ గది ఆఫీసు తెరిచినప్పుడే తెరుచుకుంటుంది. పసిబిడ్డలను తీసుకుంటే బాధ్యత ఎక్కువని, నడక వచ్చాకే అని ఎవరో ఒక వాక్యం చేర్చారు. కటింగు ఆడవాళ్ల కోసం కట్టిన గదిలోకి కటింగు ఆడవాళ్ల బిడ్డలే రాలేరు. మాట మార్చడానికి నేను పురిటి సెలవు గురించి చెప్పాను. నిరోష మెల్లగా అడిగింది:

"నాకు ఈ కానుపుది వస్తాదా మేడమ్?"

కంప్యూటరు మనిషి చూశాడు. పాత రోజులన్నీ టోకెను నంబరు మీద మునెమ్మ పేరుకే చేర్చారు. రెండు సీజన్లు నిలబడి కాయ కోసిన నిరోష, ఆ లెక్కలో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు.

"ఎవురో ఒకరమే చేరాల్నా అయితే?" అంది మునెమ్మ. "ఎవుర్ని చేరమంటావో నువ్వే చెప్పుమ్మా."

నేను చెప్పాను. నిరోషను చేర్చమన్నాను. నా ఆలోచన నాది. చిన్న వయసు, ముందు చాలా సర్వీసు ఉంటుంది. పైగా ఆ పిల్లకు ల్యాబు మీద మనసు. మధ్యాహ్నం వచ్చినప్పుడు ఒక్క నిమిషం ల్యాబు కిటికీ దగ్గర ఆగేది. తీపి చూసే గొట్టం ఒకసారి కంటి దగ్గర పెట్టుకోనిచ్చాను. "లోపల నీలం, తెలుపు కనపడతా ఉండాయి మేడమ్" అని చిన్నపిల్లలా సంబరపడింది. కంపెనీ రోల్సులో పేరున్న వాళ్లలోంచే ల్యాబుకు ఒక సహాయకురాలిని తీసుకోవాలని కూడా పాలసీలో రాశాను. రాసేటప్పుడు నా మనసులో ఉన్నది నిరోషే.

నిరోష మొహం వెలిగింది. వెంటనే అత్త వైపు చూసి తల దించుకుంది. మునెమ్మ మెడలో టోకెను తీసి నా బల్ల మీద పెట్టింది.

"సరే, ఆ పిల్లే చేరనీ. సదువుకున్నింది. నేను పిల్లోణ్ని సూసుకుంటా."

ఆమెకు యాభై కూడా నిండలేదు. తన చేతి సంపాదన మానుకుని కొడుకు మీద, కోడలి మీద ఆధారపడమని అంత తేలికగా చెప్పేశాను. సమానత్వం పేరుతో చెప్పాను. ఇంతకంటే ఎగతాళి ఏముంటుంది?

బయటోళ్లు

మొదట్లో బాగానే నడిచింది. నిరోష గ్లోవ్సు వేసుకుని, టోపీ పెట్టుకుని రోజంతా నిలబడేది. కానీ మధ్యాహ్నానికి పాలు సేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. పాలిచ్చే తల్లులకు విరామం ఉంది పాలసీలో. పిల్లల గదికి పోయి ఇచ్చి రావచ్చు. నిరోష కొడుకు ఆ గదిలో లేడు, ఊళ్లో ఉన్నాడు. గేటు దాటి పోతే మిషను ఆ పూటకు మళ్లీ తెరుచుకోదు, రోజంతా గైర్హాజరు పడుతుంది.

పిల్లాడికి పోతపాలు పడలేదు. విరేచనాలు పట్టుకుని బక్కచిక్కాడు. తట్టుకోలేని రోజు నిరోష గైర్హాజరు పడినా సరే అని ఇంటికి పోయేది. ఒకరోజు మునెమ్మ పిల్లాణ్ని ఎత్తుకుని ఆటోలో ఫ్యాక్టరీకి వచ్చింది. సెక్యూరిటీ కుర్రాళ్లు కొత్తవాళ్లు. కార్డు లేదని ఆపేశారు. నాకు కబురొచ్చి పోయేసరికి ఆమె గేటు బయట కాయలారీ నీడలో, రోడ్డు మీదే కూర్చుని ఉంది. పిల్లాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకున్నాడు.

"బయటోళ్లను రానీకూడదంట అమ్మా" అంది నన్ను చూసి. "నన్ను బయటోళ్లంటాండారు."

ఆ ఫ్యాక్టరీ పునాదులు తవ్వినప్పుడు మట్టి మోసిన మనిషి ఆమె. నా వెంట లోపలికి తీసుకుపోయి, నా గదిలో నిరోషను పిలిపించాను. ఆ పిల్ల గ్లోవ్సు పీకేసి, లోపలికి కారిన సొనకు నూనె రుద్దుకునే తీరిక కూడా లేక గబగబా సబ్బుతో కడుక్కుని పిల్లాణ్ని తీసుకుంది. మునెమ్మ నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కుర్చీలో కూర్చోమన్నా వినలేదు. నాకు ఏడుపు ఆగలేదు. వాళ్లు మాత్రం ఏడవలేదు.

మర్నాడు కొనుగోలుదార్లు వస్తున్నారని, ఇలా బయటివాళ్లను గదుల్లోకి తేవద్దని పైవాళ్లు నాకు మెత్తగా చెప్పారు.

సగం మనిషి

అప్పుడు నేను కార్తీక్ సారు దగ్గరికి పోయాను. ఒక బల్ల స్థానానికి ఇద్దరు మనుషులను పేర్లతోనే తీసుకుందాం, పొద్దున ఒకరు, మధ్యాహ్నం నుంచి ఒకరు, ఇద్దరికీ కార్డులు, ఇద్దరికీ ఈఎస్ఐ అన్నాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"మంచి ఆలోచన మేడమ్. కానీ సాఫ్ట్‌వేరులో సగం మనిషి లేడు."

"సగం మనిషి కాదు సార్, సగం రోజు."

"అదే. దానికి సగం రోజు తెలీదు. పైగా ఒక స్థానానికి రెండు ఈఎస్ఐలు, రెండు జతల గ్లోవ్సు, రెండు సెట్ల ట్రైనింగు. హెడ్డాఫీసు ఒప్పుకోదు. అయినా రాస్తాను."

రాశాడు కూడా. ఆయన మాట తప్పే మనిషి కాదు. జవాబు రావడానికి సీజను అయిపోయింది. వెసులుబాటు అనేది ఇప్పటికే పాలసీలో ఉంది కదా అన్నారట. ఉంది. ఆఫీసు ఆడవాళ్లకు. ఆలస్యంగా రావచ్చు, వారంలో ఒకరోజు ఇంట్లోంచి పనిచేయవచ్చు. నేను కూడా చేశాను, మోకాళ్ల నొప్పులని. కంప్యూటరు ముందు పని చేసేవాళ్లకు వంగిన గంటలు, కత్తి పట్టుకుని నిలబడేవాళ్లకు మాత్రం ఇనుప గంటలు. రాసింది నేనే, చదివినప్పుడు నాకు అది కనపడలేదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ పాలసీతో నిజంగా బాగుపడినవాళ్లూ ఉన్నారు. పెళ్లికాని పిల్లలు, బిడ్డలు పెద్దవాళ్లైన తల్లులు. వేలు తెగితే ఈఎస్ఐ ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని వచ్చినవాళ్లు నాకు దండం పెట్టారు. అందుకే ఈ కథ నాకు సులువుగా తెగదు. పాతదే మేలని అనలేను. కొత్తది మేలని ఆ అత్తాకోడళ్ల ముందు నిలబడి చెప్పలేను.

మరుసటి సీజను మొదటిరోజు పొద్దున గేటు దగ్గర గొడవగా ఉందని పోయాను. నిరోష మిషను ముందు నిలబడి మళ్లీ మళ్లీ మొహం చూపిస్తోంది. ఎర్ర లైటే వెలుగుతోంది. వెనకవాళ్లు త్వరపెడుతున్నారు.

"మేడమ్, నా మొగం గుర్తుపట్టడం లేదు ఇది. టోపీ తీసినా గూడా."

మిషను తప్పేమీ లేదు. పోయిన సీజనులో గైర్హాజరులు ఎక్కువున్న వాళ్లను ఈసారి తీసుకోలేదు. ఆ సంగతి ఆ పిల్లకు నేను చెప్పాలి, ఇంకెవరు చెబుతారు? పక్కకు తీసుకుపోయి చెప్పాను. విన్నది, చున్నీతో మొహం తుడుచుకుంది. "అత్తకు ఏం చెప్పేది మేడమ్?" అని మాత్రం అడిగింది. నేను పైకి పోయి అడిగాను, అరిచాను, ఒకసారి బల్ల కూడా గుద్దాను. నిలకడ లేని వాళ్లలో ఒక్కరి కోసం నిబంధన సడలిస్తే అందరూ అడుగుతారన్నారు. ఇంతకుముందు ఏళ్లతరబడి ఒక్కరోజు కూడా ఖాళీ పడని బల్ల స్థానం వాళ్లది. ఇద్దరు పట్టుకుని నిలబెట్టుకున్న చోటును, ఒకరి పేరుకు రాసి మేము ఇద్దరికీ లేకుండా చేశాం.

ఆ ఏడే నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. ఆడవాళ్ల సౌకర్యాలలో ముందున్న ఫ్యాక్టరీ అని అందరి ముందు నా గురించి మాట్లాడారు. నేను కూడా మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు, థాంక్స్ చెప్పి ఉంటాను.

రేకుల షెడ్డు

పోయిన మామిడి సీజనులో చిత్తూరులో చుట్టాల పెళ్లికి పోయి, అక్కణ్నుంచి మునెమ్మ వాళ్ల ఊరికి పోయాను. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ, "అత్తా కోడళ్లు పనికి పోయిండారు, ఆ రేకుల షెడ్డు కాడ" అంది. నడుచుకుంటూ పోయాను.

ఎవరిదో చిన్న గుజ్జు షెడ్డు. బోర్డు లేదు. లోపల వేడి ఒళ్లు కాల్చేస్తోంది. బల్లలు లేవు, ఆడవాళ్లు నేల మీద పీటలేసుకుని కోస్తున్నారు. గ్లోవ్సులేవు, టోపీల్లేవు. అందరి మధ్య మునెమ్మ. నన్ను చూసి పెద్దగా నవ్వింది.

"యామ్మే, సూడండి ఎవురొచ్చిండారో! మా మేడమ్!"

కోపంగా ఉంటుందేమో అనుకున్నాను. లేదు. పక్కన గోనెపట్టా పరిచి కూర్చోబెట్టింది. ఒక కాయ తెగ్గోసి ఉప్పు కారం అద్ది ఇచ్చింది. ఇక్కడ కూడా వాళ్లిద్దరిదీ ఒకటే చోటట. మధ్యాహ్నం దాకా తను, ఆ తర్వాత నిరోష. "ఈడ ఎవురూ పేరు అడగరు" అంది. కూలి తక్కువేనట, సీజను అయిపోతే పొమ్మంటారట.

మాట్లాడుతుండగానే నిరోష పిల్లాడి చెయ్యి పట్టుకుని వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. పిల్లాడు బాగా నడుస్తున్నాడు, బాగా అల్లరి. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక నిరోష అడిగింది:

"ల్యాబులో ఎవుర్ని తీసుకున్నారు మేడమ్?"

"ఇంకా ఎవర్నీ తీసుకోలేదమ్మా. ఖాళీగానే ఉందని విన్నాను."

"ఖాళీగానేనా" అంది. చీర కొంగు నడుముకు దోపుకుని అత్త లేచిన పీట మీద కూర్చుంది.

మునెమ్మ చెయ్యి అప్పుడు చూశాను. చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. గుడ్డ నిండా పసుపు, సొన. విప్పి చూపించమంటే చూపించింది. వేలు సగం దాకా తెగి, చుట్టూ వాచి నల్లబడింది.

"ఆస్పత్రికి పోలేదా?"

"దేనికి? ఒక రోజు కూలి పోతాది."

నాకు ఆగలేదు. మా దగ్గరైతే ఇదే వేలికి కుట్లు పడేవి, మందులు ఇచ్చేవాళ్లు, కూలి కూడా వచ్చేది. షెడ్డు చివర కుర్చీలో ఓనరు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. కనీసం గ్లోవ్సు కొనమని, ఆమెను ఆస్పత్రికి పంపమని చెబుదామని లేచాను. ఇన్నేళ్ల అలవాటు, కాళ్లు వాటంతట అవే అటు నడిచాయి.

మునెమ్మ వెనకనుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. ఆ వేలు తెగిన చేత్తోనే గట్టిగా పట్టుకుంది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

"ఒద్దమ్మా. నీకు దండం పెడతా. ఈడ మాత్రం మాకేం మంచి చెయ్యొద్దు. ఇది గూడా పోతే ఇంగ యాడికీ పోలేము."

ఉద్యోగమంతా ఆ ఆడవాళ్ల తరఫున మాట్లాడటమే నా పని. ఆ రోజు నేను వెనక్కి వచ్చి గోనెపట్టా మీద కూర్చున్నాను. నిరోష తల ఎత్తకుండా కాయలు కోస్తోంది. ఓనరుతో నేను ఏమీ మాట్లాడలేదు.